ఒడ్డున మిగిలిన చిల్లుల పలక

పాడైపోయి ఒడ్డున పడున్న చెక్క పడవలన్నీ ఒకేలా శిథిలం కావు. మేకులు కొట్టి కట్టిన బోటయితే వంకర తిరిగిన పక్కటెముకలు ఇసుకలోంచి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. మేకు దిగిన ప్రతిచోటా నల్లటి మరక ఉంటుంది. అక్కడ వేలితో నొక్కితే చెక్క పొడిపొడిగా రాలుతుంది.

కుట్టు పడవ అలా కాదు. దానికి పక్కటెముకలే లేవు. తాళ్లు కుళ్లగానే పలకలు దేనికది విడిపోతాయి. చివరికి మిగిలేది ఉప్పుకు తెల్లబారిన ఓ బల్ల, దాని అంచు పొడవునా వరసగా చిల్లులు. కుట్లు ఊడదీసిన గోనెసంచి అంచు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. ఎంత వెతికినా తుప్పు మరక దొరకదు.

ఈ పడవను ఇంగ్లీషువాళ్లు మసూలా అన్నారు. మసూలిపట్నం, అంటే మన బందరు, పేరు మీదుగా ఆ మాట వచ్చిందని కొందరంటారు. పదిహేడో శతాబ్దంలో ఈ తీరానికొచ్చిన థామస్ బౌరీ అనే నావికుడు అప్పుడే దీన్ని గురించి రాసిపెట్టాడు. కట్టే పద్ధతి వినడానికి తేలిక. పలకల అంచులకు చిల్లులు వేస్తారు. అంచుకు అంచు చేర్చి, లోపలివైపు అతుకు మీద ఎండుగడ్డి లాంటిది దట్టంగా పరిచి, దాని మీదుగా కొబ్బరి పీచు తాడుతో బిగించి కుడతారు. తడిసినకొద్దీ గడ్డి ఉబ్బి సందులు మూసుకుంటాయి. అయినా నీళ్లు ఊరుతూనే ఉంటాయి. తోడిపోసే మనిషి ఎప్పుడూ ఉండాల్సిందే.

ఇంత కష్టపడే బదులు నాలుగు మేకులు కొడితే పోయేది కదా అనిపిస్తుంది. దానికి జవాబు మన తీరంలోనే ఉంది. ఇక్కడ చాలాచోట్ల సహజమైన రేవులు లేవు. పడవ ఒడ్డు చేరాలంటే వరస మీద వరసగా విరిగే కెరటాలను దాటుకుని ఇసుక మీద ధబీమని పడాలి. బిగుతుగా మేకులు దిగిన పడవలో ఆ దెబ్బ బలమంతా మేకుల చోటే పడి, చెక్క అక్కడే చీలుతుంది. కుట్టు పడవ వంగుతుంది, కిర్రుమంటుంది, అతుకతుకూ కాస్త కదిలి దెబ్బను పంచుకుంటుంది. చూసేవాళ్లకు నాసిరకం పనిలా కనిపించే ఆ వదులుతనమే అసలు ఇంజనీరింగు.

మద్రాసులో రేవు పనులు 1870లలో గాని మొదలుకాలేదు. 1881 తుఫాను వాటినీ చాలావరకు పాడుచేసింది. అప్పటిదాకా దూరాన లంగరేసిన ఓడల నుంచి దొరలూ దొరసానులూ సరుకుల మూటలూ ఈ పడవల్లోనే ఒడ్డుకొచ్చేవి. పక్కనే తెప్పలూ వెంట నడిచేవి. పడవ తిరగబడితే నీళ్లలో పడ్డవాళ్లను లాగేది ఆ తెప్పలవాళ్లే. సరుకు మోసే పని రేవులకు పోయాక కూడా, అలివి వలను కెరటాల అవతలికి మోసుకెళ్లి చుట్టు తిప్పి రావడానికి జాలర్లు ఈ పడవనే నమ్ముకున్నారు. పూరీ ఒడ్డున స్థిరపడిన మన తెలుగు జాలర్లకూ ఇది పరిచయమే.

దీన్ని ఓడించింది కెరటం కాదు, ఇంజను. ఇంజను నుంచి పంకా దాకా వెళ్లే ఇరుసు సూటిగా నిలవాలంటే పడవ ఒళ్లు కదలకూడదు. కదలడమే ప్రాణమైన పడవకు అది కుదరదు. మేకుల బోట్లు, తర్వాత ఫైబర్ బోట్లు ముందుకొచ్చాయి.

పోయిన పడవను తినేవాటిలో పెద్ద ఘనాపాఠి ఓడపురుగు. పేరుకే పురుగు, నిజానికి ఆల్చిప్పల జాతి. గుండుసూది తలంత రంధ్రం చేసుకుని పిల్లగా లోపలికి దూరి, చెక్క తింటూ అందులోనే పెరుగుతుంది. తొలిచిన సొరంగానికి సున్నపు పూత కూడా వేసుకుంటుంది. చెక్కను అరిగించే పనిలో దాని మొప్పల్లో కాపురముండే బాక్టీరియా సాయపడుతుంది. వాడకంలో ఉన్నన్నాళ్లూ కుట్టు పడవకు ఈ బెడద తక్కువ. పనైపోగానే ఒడ్డుకు లాగి ఎండలో పెడతారు కాబట్టి ఆ పిల్లలు నిలదొక్కుకోవడం కష్టం. వదిలేసి, సగం తడిలో మునిగి ఉన్నప్పుడే ప్రమాదం.

అదే పడవ లోతుగా పూడుకుపోతే కథ మారుతుంది. ప్రాణవాయువు అందని చోట ఓడపురుగు బతకదు, కుళ్లూ నెమ్మదిస్తుంది. ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర 1998లో దొరికిన తొమ్మిదో శతాబ్దపు ఓడ అలా మిగిలిందే. చైనా పింగాణీ సరుకుతో మునిగిన ఆ ఓడ పలకలు తాళ్లతో కుట్టినవే.

కుట్టుపని చేతులకు ఇంకా తెలుసు. అజంతా బొమ్మల్లోని ఐదో శతాబ్దపు ఓడను చూసి కొబ్బరి తాళ్లతో కుట్టిన ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య 2025 మే నెలలో కార్వార్‌లో భారత నౌకాదళంలో చేరింది. ఆ ఏడాది చివర పోర్‌బందర్ నుంచి మస్కట్‌కు బయలుదేరింది కూడా. తెరచాపలు కట్టారు, తెడ్లు పెట్టారు. ఇంజను మాత్రం పెట్టలేదు.