సెక్షన్‌లో 50 మంది ఉంటే.. మీ పిల్లలకు టీచర్ ఇచ్చే టైమ్ ఎంత?

చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్.. ఏ గల్లీలో చూసినా ఓ స్కూల్ బోర్డు ఉంటుంది. అడ్మిషన్‌కి వెళ్లిన పేరెంట్స్ ఫీజు అడుగుతారు, బస్సు అడుగుతారు. ఒక్కటి మాత్రం చాలామంది అడగరు. సెక్షన్‌లో ఎంతమంది పిల్లలు?

లెక్క ఇదీ

పీరియడ్ 40 నిమిషాలు అనుకుందాం. అటెండెన్స్, హోంవర్క్ చెకింగ్‌కి 10 నిమిషాలు పోయాయి. మిగిలిన 30 నిమిషాలూ పిల్లలకే ఇచ్చినా, 30 మంది ఉంటే తలా ఒక నిమిషం. 50 మంది ఉంటే 36 సెకన్లు. 60 మంది అయితే అర నిమిషమే.

నష్టం ఎవరికి?

ఎక్కువగా ఒకటి, రెండు తరగతుల వాళ్లకే. గుణింతాల దగ్గర తడబడుతున్నారా, ఒత్తుల దగ్గరా అన్నది ఒక్కొక్కరితో చదివిస్తేనే తెలుస్తుంది. కిక్కిరిసిన క్లాసులో అందరూ కలిసి గట్టిగా చెప్పడమే ఉంటుంది. వెనక బెంచీలో పెదాలు కదిపినా సరిపోతుంది. బోర్డు చూసి రాస్తే నోట్‌బుక్‌లో టిక్ పడుతుంది. చదవడం రాలేదన్న సంగతి మూడో తరగతిలో బయటపడుతుంది. అప్పటికి లెక్కలోని ప్రశ్న కూడా చదవలేరు. ఇంట్లో చదివించేవాళ్లు లేని పిల్లలకే ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకు.. 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు ఉండాలి. 200 దాటితే ఒక్కో టీచర్‌కు 40 మందికి మించకూడదు. టీచర్‌కు కనీసం ఒక గది ఉండాలి.

మెలిక ఎక్కడంటే.. ఇది స్కూల్ మొత్తానికి చూసే లెక్క. ఒక సెక్షన్‌లో 55 మంది, మరో సెక్షన్‌లో 25 మంది ఉన్నా సగటు 40. పేపర్ మీద అంతా ఓకే!

ఆయాను పెడితే సరిపోతుందా?

అమెరికాలోని టెన్నెసీలో 1985లో ‘స్టార్’ ప్రయోగం మొదలైంది. 13 నుంచి 17 మంది ఉన్న క్లాసుల పిల్లలు, 22 నుంచి 25 మంది ఉన్న క్లాసుల వాళ్లకంటే చదవడంలో, లెక్కల్లో ముందున్నారు. పెద్ద క్లాసులో టీచర్‌కు ఓ అసిస్టెంట్‌ను ఇచ్చినా పెద్దగా తేడా కనిపించలేదు.

మీరేం చేయాలి?

- సెక్షన్‌లో ఎంతమందో అడగండి. స్కూల్ సగటు చెబితే ఊరుకోవద్దు.
- మా పాపతో, బాబుతో విడిగా వారానికి ఎన్నిసార్లు చదివిస్తున్నారో టీచర్‌ను అడగండి.
- ఇంట్లో, పాఠంలో లేని నాలుగు వాక్యాలు చదివించి చూడండి. మార్కులు దాచింది అక్కడ తెలుస్తుంది.
- స్కూల్ పట్టించుకోకపోతే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

యాన్యువల్ ఎగ్జామ్స్ దాకా ఆగొద్దు. ఈ రోజే చదివించి చూడండి.