మీకు తెలుసా? మందుగుండు అక్కర్లేని ఫిరంగి!

పట్టాల మీద రైలే కాదు, ఫిరంగి గుండు కూడా పరుగెడుతుంది! భిలాయ్ సెక్టర్ 7 వాళ్లకు పట్టాల సంగతి కొత్తా? ప్లాంటులో వెల్డింగ్ చేసి పంపే ఒక్కో పట్టా పొడవు 260 మీటర్లు! ఈ ఫిరంగికి మాత్రం పొట్టి పట్టాలు రెండు చాలు. పేరు రైల్‌గన్. చిటికెడు మందుగుండు కూడా వద్దు!

మరి గుండును తోసేదెవరు? కరెంటు! ఒక పట్టాలో వెళ్తుంది. గుండు వెనకున్న లోహపు ముక్కను దాటుతుంది. రెండో పట్టాలో తిరిగొస్తుంది. మధ్యలో అయస్కాంత బలం పుడుతుంది. గుండు దూసుకుపోతుంది! మీ ఇంట్లో ఫ్యాను తిరిగేదీ ఆ బలంతోనే! కిటుకు వినండి. కరెంటు రెట్టింపు చేస్తే తోపుడు 4 రెట్లవుతుంది!

2010 డిసెంబరు 10న అమెరికా నౌకాదళం డాల్‌గ్రెన్‌లో రైల్‌గన్ పేల్చింది. గుండుకు అందిన శక్తి 33 మెగాజౌళ్లు. కరెంటు బిల్లు లెక్కలో ఎంతో తెలుసా? దాదాపు 9 యూనిట్లు! ఒక రాత్రి ఏసీ వాడకమంత! రాత్రంతా కాలే కరెంటు, రెప్పపాటులో!

ఇక వేగం! 2008లో అక్కడే జరిగిన పరీక్షలో గుండు సెకనుకు 2,520 మీటర్లు దూసుకెళ్లింది. ఆ వేగం తగ్గకుండా ఉంటే సెక్టర్ 7 నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని రాయపూర్‌కు పన్నెండు సెకన్లే! మీరు చెప్పుల్లో కాలు పెట్టేలోపే!

రైల్‌గన్‌కు శత్రువు ఎవరో తెలుసా? దాని బలమే! రెండు పట్టాలూ ఒకదాన్నొకటి పక్కలకు నెట్టేసుకుంటాయి. రాపిడికి, వేడికి అరిగిపోతాయి. అమెరికా 2021లో రైల్‌గన్ పని ఆపేసింది. జపాన్ వదల్లేదు! 2023 అక్టోబరులో ఓడ మీంచే పేల్చి చూపింది!

కరెంటు లేకుండానే మీ బల్ల మీద ఓ చిన్న అయస్కాంత తుపాకీ చేయొచ్చు! స్కేలు గాడిలో గట్టి అయస్కాంతం ఒకటి అతికించండి. దాని కుడిపక్క రెండు బేరింగ్ గోళీలు ఆనించండి. ఎడమ నుంచి 3వ గోళీని మెల్లగా దొర్లించండి. టక్! కుడి చివరి గోళీ రివ్వున పోతుంది! మెల్లగా వచ్చింది, జోరుగా వెళ్లింది! కళ్లకు మాత్రం దూరంగా పెట్టండి!

ఇక అన్నిటికన్నా తీపి కబురు! 1903లో నార్వే శాస్త్రవేత్త బిర్కెలాండ్ తన విద్యుత్ ఫిరంగిని జనం ముందు పేల్చబోయాడు. షార్ట్ సర్క్యూట్! భగ్గుమని మెరుపు! ప్రదర్శన చెడింది. కానీ ఆ మెరుపుతోనే ఆయన గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే కొలిమి కట్టాడు. ఫిరంగి ఫలించలేదు, పంట పండింది!