అన్నీ ఒకే పెట్టెలోనా?

మా ఇంటి హాలులో కిటికీ పక్కనున్న మూల రెండు నెలలపాటు ఖాళీగా ఉండిపోయింది. అక్కడ కంప్యూటర్ పెట్టాలన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని చేసిన తీర్మానం. ఏ కంప్యూటర్ అన్నదే తేలలేదు. పాఠక సోదర సోదరీమణులలో అనేకులు ఇదే సందిగ్ధంలో ఉండవచ్చు గనుక, మేము ఆలోచించిన తీరును మీ ముందు ఉంచుతున్నాము.

మేముండేది ఖమ్మం నగరపాలక సంస్థలో కలిసిన ఖానాపురం హవేలిలో. పెద్దబ్బాయి ఇంటర్మీడియట్ ఎంపీసీ చదువుతున్నాడు. తెలంగాణలో ఎంసెట్ (నేటి ఎప్‌సెట్) 2018 నుండి, జేఈఈ మెయిన్ 2019 నుండి కంప్యూటర్ మీదనే జరుగుతున్నాయి. మూడు గంటలు తెర ముందు కూర్చుని, మౌసుతో జవాబు గుర్తించే అలవాటు పరీక్ష నాడే మొదలైతే ఎలా? ఇంతకాలం నమూనా పరీక్షలు సెల్‌ఫోన్‌లోనే రాశాడు. ఫోనులో పరీక్ష ఒక్కటే ఉండదు కదా! మూసిన తలుపు వెనుక ఏమి నడుస్తున్నదోనని బిడ్డను అనుమానించడం మాకు ఇష్టం లేదు. అందరూ తిరిగే హాలులో, అందరికీ కనబడే తెర ఉంటే అనుమానానికే చోటుండదు. మా అమ్మాయికి తెలుగుతో పాటు ఉర్దూ టైపు నేర్చుకోవాలని ఉన్నది. అది కూడా పెద్ద తెర మీదనే సుఖం.

దుకాణంలో మొదట కంటికి నచ్చినది ఆల్-ఇన్-వన్. తెర వెనుకనే యంత్రమంతా ఇమిడి ఉంటుంది. గోడకు పోయేది ఒక్కటే తీగ. 1998లో ఆపిల్ సంస్థ ఐమాక్‌ను తెచ్చినప్పటి నుండి ఈ రూపానికి ఉన్న ఆకర్షణ తగ్గలేదు. మా ఇద్దరిలో ఒకరి వాదన మరింత బలమైనది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ప్రకాశ్ నగర్, బొక్కలగడ్డ వంటి కాలనీలను ముంచినప్పుడు, మా బంధువుల ఇంట బల్ల కింద ఉన్న సీపీయూ డబ్బా నీట మునిగిపోయింది. తీగ పీకి చంకన పెట్టుకుని మేడెక్కగల వస్తువైతే దక్కేది కదా అన్నది ఆ వాదన. కాదనడానికి లేదు.

దాదాపు కొనేసినంత పని చేశాము. అంతలో భద్రాచలం నుండి మా బావగారు వచ్చారు. ఆయన అక్కడ జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడుపుతున్నారు. మేము చెప్పినదంతా విని, “భాయీసాబ్, నా దగ్గరా అదే ఉండేది. తెర పోయింది. లోపల మెదడు బాగానే ఉంది. ఏం లాభం? చూసేదెలా?” అన్నారు. ఆ తెర హైదరాబాదు నుండి రావలసి వచ్చిందట. వారంటీ అప్పటికే తీరిపోయింది. మామూలు డెస్క్‌టాప్ అయితే పక్క దుకాణం నుండి ఒక మానిటర్ అరువు తెచ్చుకుని ఆ పూటకే పని సాగించేవారు. స్కాలర్‌షిప్పు దరఖాస్తుల గడువు రోజుల్లో దుకాణం మూసి కూర్చోవడమంటే ఏమిటో ఆయన ముఖంలోనే కనబడింది.

ఆ రాత్రి నుండి మేము పెట్టె లోపలి సంగతి విచారించడం మొదలుపెట్టాము. ఈ యంత్రాలలో చాలావాటిలో ఉండేవి ల్యాప్‌టాప్ భాగాలే. ప్రాసెసర్ పేరు చివర ‘యు’ అన్న అక్షరం ఉంటే అది తక్కువ కరెంటుతో నడిచే ల్యాప్‌టాప్ రకం అని గుర్తు. అది లోపమేమీ కాదు, చదువుకు చాలు. ల్యాప్‌టాప్ భాగాలకు డబ్బిస్తూ ల్యాప్‌టాప్‌కుండే బ్యాటరీ మాత్రం సాధారణంగా పొందలేము, అదొక్కటే వెలితి. కరెంటు పోయిన క్షణమే తెర ఆరిపోతుంది, కాబట్టి యూపీఎస్ వేరుగా కొనవలసిందే. కొన్నింటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఉంచుతారు, రేపు పెంచుకోవాలన్నా కుదరదు. యంత్రం పాతబడితే తెరనైనా మానిటర్‌గా వాడుకుందామంటే, చాలా నమూనాలలో బయటి నుండి బొమ్మ తీసుకునే హెచ్‌డీఎంఐ ద్వారమే ఉండదు. ఇక మా ఖమ్మం ఎండలు, గ్రానైటు దుమ్ము సంగతి ఎరిగినవారికి, సన్నని పెట్టెలో చిన్న ఫ్యాను ఎంత శ్రమపడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంపెనీలు వాడి వదిలిన పాత ఆల్-ఇన్-వన్‌లు సగానికన్నా తక్కువ ధరకు దొరుకుతాయని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ప్రాసెసర్ ఎన్నో తరమో అడగకుండా అటు పోవద్దు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందువైతే, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 అర్హతకు రావు.

అన్నిటికన్నా మమ్మల్ని ఎక్కువగా ఆపినది ధర చెల్లించే పద్ధతి. మా చేతిలో ఉన్నది అడిగిన ధరలో సగానికి కొంచెం పైన. “వడ్డీ లేని వాయిదాలు, ఒక్క రూపాయి ఎక్కువ కట్టనక్కరలేదు” అన్నాడు దుకాణంలోని కుర్రవాడు. మంచివాడే, తనకు చెప్పినదే మాకు చెప్పాడు. కానీ సున్నా శాతం వడ్డీ అన్నదే ఉండదని, అలాంటి పథకాలలో వడ్డీని దాచిపెడుతున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను మందలించింది. ఇప్పుడు జరిగేది ఏమిటంటే, వడ్డీ ఎంత అవుతుందో అంత మొత్తాన్ని అమ్మేవారు ముందుగా తగ్గింపుగా ఇస్తారు. బ్యాంకు మాత్రం నెలనెలా వడ్డీని వడ్డీగానే లెక్క వేసి, దానిపై 18 శాతం జీఎస్టీ కలుపుతుంది. చాలాచోట్ల ప్రాసెసింగ్ రుసుము అదనం. రూపాయిల తేడా చిన్నదే కావచ్చు. వడ్డీ జోలికి పోకూడదని ఇన్నేళ్లుగా ఇంటిని నడుపుకొచ్చిన మేము, నెలనెలా వచ్చే కాగితంలో ఆ మాటను చూస్తూ, పిల్లలకు “ఇది వేరు” అని ఎలా వివరించగలము? ఆ ప్రశ్న వేసుకున్నాక చర్చ పొడిగించలేదు.

దారి చూపినది మళ్ళీ బావగారే. అరచేయంత మినీ పీసీలు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిని మానిటర్ వీపున మరలతో బిగించవచ్చు. మానిటర్ వెనుక నాలుగు రంధ్రాలుండాలి, వాటి మధ్య దూరం 75 లేదా 100 మిల్లీమీటర్లు. అన్ని మానిటర్లకు ఉండవు, అడిగి తీసుకోవాలి. ముందు నుండి చూస్తే అచ్చం ఆల్-ఇన్-వన్ వలెనే కనబడుతుంది. వరద వస్తే రెండూ కలిపి మేడ మీదికి పోతాయి. తెర చెడితే తెరనే మార్చుకోవచ్చు. మాకు అన్నిటికన్నా నచ్చినది, రెండింటినీ ఒకేసారి కొననక్కరలేదన్న సంగతి.

మేము ఉన్న డబ్బుతో మానిటరు, కీబోర్డు, యూపీఎస్ కొన్నాము. మూత విరిగి, తెర సగం నల్లబడిన పాత ల్యాప్‌టాప్ ఒకటి బీరువాలో ఉన్నది. దానిని హెచ్‌డీఎంఐ తీగతో కలిపితే పెద్ద తెర మీద చక్కగా పలికింది. నెమ్మదిగా నడుస్తుంది, మా అబ్బాయి సణుగుతూనే ఉన్నాడు. అయినా రోజూ అస్ర్ తరువాత నమూనా పరీక్ష అక్కడే రాస్తున్నాడు. వెనుక నుండి చెల్లెలు తప్పులు పడుతున్నది. మినీ పీసీకి ఇంకా నాలుగు నెలల పొదుపు కావాలి.