చేపల కంటే ముందు ఫిల్టర్‌ను తరలించండి

ఒక పొద్దున అక్వేరియం కింద చెక్క స్టాండు చెమ్మగా తగిలింది. వేలితో తడుముకుంటూ వెళ్తే వెనక మూలన, రెండు అద్దాలు కలిసే చోట సిలికాన్ ఊడి, సెకనుకో చుక్క చొప్పున నీళ్లు కారుతున్నాయి. ఇలాంటప్పుడు ఎవరికైనా మొదట తోచేది ఒకటే: చేపల్ని ఉన్నపళంగా బకెట్‌లో వేసేద్దామని. అంత కంగారు అక్కర్లేదు. మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు. సెకనుకో చుక్క అంటే రోజుకు 86,400 చుక్కలు, అంటే 4.3 లీటర్లు. 45 లీటర్ల ట్యాంకులో ఇది పదో వంతు కూడా కాదు. చేతిలో ఒక పూట ఉన్నట్టే.

ఆ పూటలో మొదట చేయాల్సింది నీటిమట్టం తగ్గించడం. రెండడుగుల ట్యాంకులో 10 అంగుళాల లోతున నీళ్లుంటే, పొడవాటి అద్దం మీద పడే తోపుడు దాదాపు 20 కిలోలు. మట్టాన్ని సగానికి దించితే ఆ తోపుడు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది: 5 కిలోలు. కారడం చాలావరకు మందగిస్తుంది. హీటరు ఉంటే దాన్ని మాత్రం పావుగంట ముందే ఆపేసి చల్లారనివ్వాలి. వేడి మీదున్న హీటరు నీటి నుంచి బయటికొస్తే గాజు పగులుతుంది.

ఇంతకీ 45 లీటర్లు అన్నానే, అది ఎలా వచ్చిందో చెప్పాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకును దుకాణంలో 56 లీటర్లదని అమ్ముతారు. పైన రెండంగుళాలు ఖాళీ వదిలితే 47. అడుగున ఐదు కిలోల గులకరాళ్లు పరిస్తే అవి ఇంకో రెండు లీటర్ల చోటు తింటాయి. మిగిలేది 45. మందు చుక్కలైనా, క్లోరిన్ విరుగుడైనా ఈ అసలు లెక్క మీదే కొలవాలి. 45 లీటర్లంటే 45 కిలోల బరువు కూడా. నీళ్లుండగా ట్యాంకును ఇద్దరు కలిసి కూడా ఎత్తకండి. అడుగు అద్దం ఒక్క వెంట్రుకవాసి ఒంగినా బాగున్న మూలలు కూడా ఊడతాయి.

ఇక తాత్కాలిక ట్యాంకు. ఇందుకు గాజుదే కావాలన్న నియమం లేదు. 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ టబ్బులో 15 సెంటీమీటర్ల లోతున నీళ్లు పోస్తే 36 లీటర్లు. గాలి తగిలే నీటి వైశాల్యం 2,400 చదరపు సెంటీమీటర్లు. మన రెండడుగుల ట్యాంకులో ఆ వైశాల్యం 1,860 మాత్రమే. నీళ్లు తక్కువైనా టబ్బులో గాలి ఎక్కువ కలుస్తుందన్నమాట. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న పాత్ర చేపకు ఎప్పుడూ మేలు. టబ్బు కొత్తదై ఉండాలి. బట్టలు నానబెట్టినది వద్దు, ఎంత కడిగినా సబ్బు జిడ్డు ప్లాస్టిక్‌ను వదలదు. ఇంట్లో పెద్ద రాగి బిందో, ఇత్తడి గంగాళమో ఉంది కదా అని అందులో వేయకండి. మనం ఆరోగ్యమని తాగే రాగిచెంబు నీళ్లలోని రాగి, చేప మొప్పలకు విషం.

నేను చాలా ఏళ్ల కిందట చేసిన పొరపాటు ఇక్కడ చెప్పుకోవాలి. ఇంటికి సున్నాలు వేయిస్తున్నామని చేపల్ని టబ్బులోకి మార్చాను. నీళ్లు కొత్తవి, శుభ్రమైనవి. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పెట్టి నలుపంతా పోయేదాకా పిండాను. పాపం, బెదిరి ఉంటాయని రోజుకు రెండుసార్లు మేత వేశాను. మూడో రోజు పొద్దున పది మోలీ చేపలూ నీటిపైకి మూతులు పెట్టి గాలి మింగుతున్నాయి. సాయంత్రానికి నాలుగు మిగిలాయి. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. వాటిని చంపినది కంటికి కనిపించదు.

అది అమ్మోనియా. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగాక మొప్పల ద్వారా అమ్మోనియాగా బయటికొస్తాయి. మామూలు మేతలో 40 శాతం దాకా మాంసకృత్తులుంటాయి. చెరువుల్లో చేపలు పెంచేవాళ్ల లెక్క ప్రకారం, అర గ్రాము మేత, అంటే రెండు చిటికెలు వేస్తే 18 మిల్లీగ్రాముల అమ్మోనియా తయారవుతుంది. 36 లీటర్ల టబ్బులో అది లీటరుకు అర మిల్లీగ్రాము. మూడు రోజులకు ఒకటిన్నర.

ఈ ఒకటిన్నర ఎంత ప్రమాదమన్నది నీటి పీహెచ్ మీద ఆధారపడుతుంది. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి అంతగా హాని చేయదు, రెండోది మొప్పల్ని కాల్చేస్తుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషపు వాటా 0.8 శాతం. అదే పీహెచ్ 8 అయితే 7.5 శాతం. అంటే మొదటి నీటిలో లీటరుకు 0.012 మిల్లీగ్రాములు, రెండో నీటిలో 0.11. మొప్పలు దెబ్బతినడం 0.05 దగ్గరకొచ్చేసరికే మొదలవుతుంది. బోరు నీళ్లు గట్టిగా, పీహెచ్ ఎక్కువగా ఉండే ఊళ్లలో చేపలు తొందరగా పోవడానికి ఇదొక కారణం. టబ్బు అదే, చేపలు అవే, మేత అంతే, విషం మాత్రం తొమ్మిది రెట్లు.

పాత ట్యాంకులో ఈ విషాన్ని తినేసేది ఫిల్టర్ స్పాంజిలో కాపురమున్న సూక్ష్మజీవులు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మార్చేది అవే. కొత్త ట్యాంకులో ఇవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను నల్లా కింద పిండి పారేసింది ఆరు వారాల పంటను. పాత నీళ్లలో మంచి సూక్ష్మజీవులుంటాయని చాలామంది అనుకుంటారు. నీళ్లలో ఉండేవి నామమాత్రం. అవి అంటుకుని బతికేది స్పాంజికి, రాళ్లకు. పాత నీళ్లు ఎందుకు కావాలంటే వాటి పీహెచ్, గట్టిదనం, వేడి చేపకు అలవాటైనవి గనుక.

కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. రాళ్లు కదపకముందే, పైన తేటగా ఉన్న నీళ్లను పైపుతో 20 లీటర్ల వాటర్ క్యాన్లలోకి దించుకోవాలి. ఒకటిన్నర క్యాను, అంటే 30 లీటర్లు చాలు. వాటిని టబ్బులో పోసి, ఫిల్టర్‌ను తడి ఆరకుండా అందులోకి మార్చి, వెంటనే నడపాలి. స్పాంజిని పిండవద్దు, కడగవద్దు. నలుపు చూసి మనసొప్పకపోతే పాత ట్యాంకు నీళ్లలోనే ఒకసారి ముంచి తీయండి. ఫిల్టర్ ఆడుతోందని చూసుకున్నాకే చేపల జోలికి వెళ్లాలి.

చేపల్ని పట్టేటప్పుడు లైటు ఆర్పేసి, ట్యాంకులో నాలుగైదు అంగుళాల నీళ్లుండగా పట్టండి. వలతో తరమడం కంటే, వలతో మెల్లగా తోలి మగ్గులోకి ఎక్కించి నీళ్లతో సహా ఎత్తడం మంచిది. వలలో గిలగిలా కొట్టుకున్న చేపకు ఒంటి మీది జిగురు పొర పోతుంది. దాన్ని రోగాల నుంచి కాపాడేది ఆ పొరే. వేడిలో తేడా ఒకటి రెండు డిగ్రీలు దాటకూడదు. పాత నీళ్లే వాడాం కాబట్టి ఆ బాధ ఉండదు. చేపలు బయటికొచ్చాకే రాళ్లు తవ్వండి. రాళ్ల అడుగున గాలి ఆడక పేరుకున్న కుళ్లు ఒక్కసారిగా లేస్తే, కుళ్లిన గుడ్డు వాసన మీకే తెలుస్తుంది. చేపలుండగా అది లేవకూడదు.

ముందే అనుకుని చేసే మార్పైతే ముందురోజు మేత ఆపడం మరిచిపోవద్దు. కొల్లేరు చుట్టుపక్కల చేపపిల్లల్ని ఆక్సిజన్ సంచుల్లో కట్టి పంపేవాళ్లు, ముందే వాటిని వలగుడ్డల్లో ఉంచి మేత మాన్పిస్తారు. కడుపు ఖాళీగా ఉంటే దారిలో నీళ్లు పాడుకావు. మన టబ్బుకూ అదే సూత్రం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం రోజులు మేత లేకుండా ఉండగలదు. మార్చిన తర్వాత రెండు రోజులు అసలు వేయకండి, ఆపైన రోజు విడిచి రోజు ఒక చిటికెడు చాలు.

ఫిల్టర్ ఏ కారణంగానైనా పనిచేయకపోతే నీళ్లు మార్చడమొక్కటే దిక్కు. ఇక్కడ చాలామంది మోసపోయే లెక్క ఒకటుంది. రోజూ అర మిల్లీగ్రాము చొప్పున అమ్మోనియా చేరే టబ్బులో రోజుకు పావు వంతు నీళ్లు మారుస్తూ పోతే, అది చివరికి లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర నిలబడుతుంది. రోజూ సగం మారిస్తే 1 దగ్గర ఆగుతుంది. మేత మానేస్తే ఇంకా కిందికి దిగుతుంది. పావు వంతు మార్చాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

మార్చే కొత్త నీళ్లలో క్లోరిన్ సంగతి. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మంచినీటి జీవులకు అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన హద్దు, కొద్దిసేపటికైనా సరే, 0.019. మనకు క్షేమమైన నీళ్లలోని క్లోరిన్ చేప హద్దుకు పది రెట్లన్నమాట. నల్లా నీళ్లను వెడల్పాటి పాత్రలో ఎయిర్ పంపు పెట్టి ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ పోతుంది. వ్యవధి లేకపోతే సోడియం థయోసల్ఫేట్ వాడొచ్చు. పాత ఫొటో స్టూడియోల్లో హైపో అనేవారే, అదే. ఒక వంతు క్లోరిన్‌కు ఏడు వంతులు కావాలి. 18 లీటర్ల నీళ్లలో అర మిల్లీగ్రాము చొప్పున క్లోరిన్ ఉంటే 63 మిల్లీగ్రాములు, అంటే నాలుగైదు పలుకులు. ఆర్‌వో నీళ్లు వద్దు, వాటిలో చేపకు కావాల్సిన లవణాలు ఉండవు.

ఎండాకాలమైతే ఇంకో చిక్కు. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల నీళ్లు 7.6 మాత్రమే. చేపకేమో వేడిలో ఆక్సిజన్ మరింత కావాలి. నీళ్లు 32 దాటితే, గడ్డకట్టిన అర లీటరు నీళ్ల సీసాను మూతతో సహా టబ్బులో వదలండి. 36 లీటర్ల నీళ్లు దానితో ఒకటిన్నర డిగ్రీ దాకా మెల్లగా చల్లబడతాయి. ఒకేసారి రెండు సీసాలు వేయకండి. ఇంట్లో రంగులు వేస్తుంటే ఎయిర్ పంపు ఎక్కడుందో కూడా చూసుకోవాలి. అది గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది, రంగు వాసనతో సహా. పంపును, టబ్బును వేరే గదిలో, తలుపు మూసి పెట్టండి. టబ్బు మీద దోమతెర గుడ్డ కట్టండి, కొత్తచోట చేపలు మొదటి రాత్రే ఎగిరి పడతాయి.

టబ్బులో చోటు చాలదని అడుగు పొడవు పెరిగిన సక్కర్ చేపను చెరువులో వదిలేసి వచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మన చెరువుల్లో దెయ్యం చేపగా పేరు పడి, జాలర్ల వలలు చింపుతున్నది ఆ జాతే. అమ్మిన దుకాణానికే తిరిగి ఇచ్చేయండి.

కారిన మూలకు సిలికాన్ పట్టించాక తొందరపడొద్దు. అది రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల మందమే గట్టిపడుతుంది. బూజు రాకుండా మందు కలిపిన బాత్‌రూమ్ సిలికాన్ అసలే వద్దు. పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా, సుమారు వారం, ఆగండి. తర్వాత కింద పాత పేపర్లు పరిచి, ట్యాంకు నింపి ఒక రోజు చూడండి. చుక్క పడితే పేపరు చెబుతుంది.

చేపలు సొంత ఇంటికి వెళ్లేటప్పుడు కూడా అదే వరుస: ముందు టబ్బు నీళ్లు, తర్వాత ఫిల్టర్, చివర చేపలు. ఆ తర్వాత వారం రోజులు అమ్మోనియా పరీక్ష చేస్తూ ఉండండి, అతికిన మూలను రోజూ ఒకసారి వేలితో తడిమి చూడండి. ఆ వారం గడిచేదాకా టబ్బును అటక ఎక్కించకండి.