ఆఫ్రికా డిజిటలు కళాకారుల కూటము: పంట ఎవరిది, అంగడి ఎవరిది?

గడచిన నెల మన సంఘపు సర్వసభ్య సమావేశము ముగిసిన పిదప ఒక వృద్ధ రైతు నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యా, మావాడు పొద్దస్తమానం ఫోను పట్టుకొని పొలంలో వీడియోలు తీస్తున్నాడు. వేలమంది చూస్తున్నారంటాడు. చూసినవాళ్లు మనకేమన్నా పెడతారా? ఇదీ ఒక పనేనా?" అని యడిగెను. నాకప్పుడు తగిన సమాధానము తోచలేదు. విచారించి చెప్పెదనంటిని. ఆ విచారణలో నాకు ఆఫ్రికా ఖండపు సంగతులు విశేషముగా కనబడినవి. ఏలయన, ఈ ప్రశ్ననే ముందిడుకొని అచ్చటి యువజనులు ఏటేట ఒకచోట కూడుచున్నారు. వారి అనుభవము మన రైతులకును, వారి బిడ్డలకును ఉపకరించును గావున దానిని సాధ్యమైనంత తేటగా ఇచ్చట వ్రాయుచున్నాను.

కూటము ఎట్టిది?

దక్షిణాఫ్రికా దేశమున జోహాన్నెస్‌బర్గు నగరములో బ్రామ్‌ఫాంటైన్ అను పేట కలదు. అచ్చట విట్వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయమునకు చేరిన త్షిమోలోగాంగ్ అను శిక్షణకేంద్రమున్నది. త్స్వానా భాషలో ఆ మాటకు క్రొత్త ఆరంభముల చోటని భావము. ఈ విశ్వవిద్యాలయము ఆశ్రయముగా 2014వ సంవత్సరమున 'ఫకూగేసి' అను ఉత్సవ మారంభమైనది. జులూ భాషలో 'ఫకా' యనగా పెట్టుట, 'ఉగేసి' యనగా విద్యుత్తు. మన మాటలో చెప్పవలెనన్న "కరెంటు పెట్టుము" అని యర్థము. 2008 మొదలు పలుమార్లు కరెంటు కోతలతో బాధపడిన దేశమున ఈ పేరు చెవికింపుగానే యుండియుండును. ఒకప్పుడు రాత్రివేళ కరెంటు కొరకు మోటారు కడ కాచుకొన్న మన రైతులకు ఆ పేరులోని కోరిక వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ కూటమునకు కదలు బొమ్మలు గీయువారు, ఫోనులోను కంప్యూటరులోను ఆడు ఆటలు కల్పించువారు, వీడియోలు తీయువారు, సంగీతము కూర్చువారు వత్తురు. వీరినే డిజిటలు కళాకారులందురు. వారి సరకునకు తూకము లేదు, గోనెసంచి లేదు, బండికిరాయి లేదు. ఐనను పెట్టుబడి లేదనుకొనరాదు. కాలము, ఫోను, కంప్యూటరు, డేటా, కరెంటు అన్నియు వ్యయమే. కూటమున ప్రదర్శనములు, ఉపన్యాసములు, శిక్షణతరగతులు జరుగును. కళ యొక్క మెళకువలతోపాటు, ఆ కళవలన ఏడాది పొడవునను ఇల్లు గడుచుటెట్లు అను విషయమును గూర్చియు చర్చింతురు. మన దృష్టికి ముఖ్యమైన దీ రెండవ విషయమే.

చూచినవారు ఏమి పెట్టుదురు?

చూచువాడు నేరుగా ఏమియు ఈయడు. వీడియోకు ముందును నడుమను ప్రకటనలు వచ్చును. ప్రకటనదారు ఇచ్చిన సొమ్మును యూట్యూబు వంటి వేదిక పుచ్చుకొని, అందు కొంత వీడియో తీసినవానికిచ్చును. యూట్యూబులో నిడివిగల వీడియోలకు వచ్చు ప్రకటన ఆదాయమున నూటికి 55 పాళ్లు తీసినవానికి, 45 పాళ్లు వేదికకు చెల్లును.

ఐతే తీసిన మొదటి దినముననే ఈ వాటా రాదు. వేయిమంది చందాదారులు చేరవలెను. వానికితోడు పన్నెండు నెలలలో జనులు ఆ వీడియోలను మొత్తము 4,000 గంటలు చూచియుండవలెను. నాలుగువేల గంటలనగా 2,40,000 నిమిషములు. ఒక్కొక్కరు నాలుగు నిమిషములు చూతురనుకొన్నచో అరువదివేల పర్యాయములు చూడవలెను. పొట్టి వీడియోలకు లెక్క వేరు. ఈ మెట్టు దాటిన పిదపను ఖాతాలో 100 డాలర్లు నిండువరకు సొమ్ము చేతికి రాదు.

ఇంకొక చిక్కు కలదు. అమెరికాలో ఒకడు చూచుటకును, నైజీరియాలోని లాగోసు నగరమున ఒకడు చూచుటకును ప్రకటనదారు ఒకే ధర ఈయడు. కొనుగోలు శక్తి హెచ్చుగానున్న దేశమున ధర హెచ్చు. కావున తన ఊరివారి కొరకు, తన భాషలో తీసినవానికి అంతే శ్రమకు తక్కువ ఫలము దక్కును. ఒకే రకపు మిరప ఒక యార్డులో ఒక ధరకు, మరియొక యార్డులో మరియొక ధరకు పోవుట మనము ఎరుగనిదా!

ఇట్లని వేదికలవలన మేలు లేదనుట న్యాయము కాదు. 2009లో సీకాం అను సముద్రగర్భపు తీగ తూర్పు ఆఫ్రికా తీరమును చేరకపూర్వము అచ్చట ఇంటర్నెట్టు ఉపగ్రహముల మీదనే ఎక్కువగా ఆధారపడి, మిక్కిలి ప్రియముగా నుండెడిది. నేడు చిన్న పట్టణమునందలి యువకుడు సైతము తన పనిని లోకమునకు చూపగలుగుచున్నాడు. నైజీరియాకు చెందిన మార్క్ ఏంజెల్ కామెడీ అను హాస్యబృందము 2017లో యూట్యూబున పదిలక్షల చందాదారులను సంపాదించెను. ఇంత విశాలమైన సంత వారి తాతలకు లేదు.

ఇది కౌలు సేద్యము

అయినను సంత మనది కానంతవరకు మన సేద్యము కౌలు సేద్యమే. నేల యజమాని షరతు మార్చిన దినమున కౌలుదారు ఏమి చేయగలడు? నైజీరియా, ఘనా దేశములలో ఫేస్‌బుక్కు వాడువారు కోట్లకొలది యున్నను, తమ వీడియోలలో వచ్చు ప్రకటనలవలన సంపాదించు ద్వారము ఆ దేశములందు నివసించువారికి 2024 వరకు తెరువబడలేదు. నైజీరియాలో పేపాల్ అను చెల్లింపు సంస్థ 2014లో ప్రవేశించినను, చాలకాలము అచ్చటివారు దాని ద్వారా సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు వీలులేకుండెను. 2024 మార్చిలో ఐవరీకోస్టు తీరమున సముద్రపు తీగలు తెగినప్పుడు పశ్చిమాఫ్రికాలోని పలుదేశములలో ఇంటర్నెట్టు దినములకొలది కుంటుపడెను. ఇందు ఏ ఒక్కటియు కళాకారుని దోషము కాదు. నష్టము మాత్రము వానిదే.

నేను పనిచేయు మండలములో ఒక యువకుడు విత్తనశుద్ధిని గూర్చియు, పురుగుల గుర్తింపును గూర్చియు మంచి వీడియోలు తీసెడివాడు. ఒకనాటి ఉదయమున వాని ఖాతా మూయబడియుండెను. కారణమడిగిన యంత్రము వ్రాసిన జవాబు వచ్చెనే గాని మనిషి పలుకలేదు. రెండేండ్ల పనికి వానియొద్ద నకలు సైతము లేదు. వాడు నాయెదుట కూర్చుండి, "అంతా అక్కడే ఉందండీ, నా దగ్గరేమీ లేదు" అన్న మాట నేటికిని నా చెవులలోనున్నది. ధాన్యమంతయు పరుల కొట్టములో పోసి, తాళపుచెవియు వారికే యిచ్చినట్లాయెను.

నైజీరియా నేర్పిన పాఠము

అంగడి చేతిలో లేకున్న ఏమగునో నైజీరియా చలనచిత్రముల చరిత్ర చెప్పును. 1992లో కెన్నెత్ న్నెబ్యూ అను వర్తకుడు 'లివింగ్ ఇన్ బాండేజ్' అను ఇగ్బో భాషా చిత్రమును తీయించి, సినిమాశాలలకు పంపక, వీడియో క్యాసెట్లుగా నేరుగా జనులకు అమ్మెను. అది విశేషముగా అమ్ముడుపోయెను. దానితో లాగోసులోని అలాబా వంటి బజారులు ఆధారముగా ఒక గొప్ప పరిశ్రమ పెరిగెను. నేడు నాలీవుడ్డు అని పిలువబడునది అదియే. కాని వేగముగా తీసి వేగముగా అమ్ముటయే గాని, నకళ్లను అరికట్టు కట్టుదిట్టము లేకపోయెను. చిత్రము బజారునకు వచ్చిన కొలదిదినములకే దొంగ క్యాసెట్లు పుట్టెడివి. పండించినవాడొకడు, కోసికొనువాడొకడు. ఈ అనుభవమువలననే నేటి కూటములలో హక్కులు, ఒప్పందములు అను మాటలు పదేపదే వినవచ్చుచున్నవి.

చిన్న వాటాల బలము

ఇక సహకారులమైన మనకు ప్రీతి కలిగించు దృష్టాంతము కామెరూన్ దేశమునుండి వచ్చినది. ఆ దేశమున 'న్జాంగి' యను ఆచారము కలదు. పదిమంది కూడి నియమిత కాలమున కొంత సొమ్ము వేసి, ఒక్కొక్క వంతున ఒక్కొక్కరు తీసికొందురు. మన చీటీపాటవలె ననుకొనుడు. దక్షిణాఫ్రికాలో దీనిని స్టాక్‌వెల్ అనియు, నైజీరియాలోని యోరుబావారు ఏసూసూ అనియు, కెన్యాలో ఇట్టి బృందములను చామా అనియు వ్యవహరింతురు.

కామెరూన్ రాజధాని యగు యవుండేలో ఒలివియే మదిబా అను యువకుడు, తన మిత్రులతో కూడి, ఆఫ్రికా కథలు పునాదిగా ఒక కంప్యూటరు ఆటను కల్పింపదలచెను. ఇట్టి పనికి అప్పిచ్చువారు దొరకుట దుర్లభము. తాకట్టు పెట్టుటకు భూమియు, యంత్రములును లేని కల్పనను నమ్ము ధనికుడెవడు? అంతట వారు తమ సంస్థయగు కిరో గేమ్సు వాటాలను చిన్న మొత్తములుగా సామాన్యులకే అమ్మిరి. 2015లో కిక్‌స్టార్టరు అను చందావేదికద్వారా ఇంకను కొంత కూర్చిరి. మాటిమాటికి పోవు కరెంటుతో పెనగులాడుచు పనిసాగించి, 2016 ఏప్రిలులో 'ఆరియన్' అను తమ ఆటను లోకమునకు విడుదల చేసిరి. వాటా కొన్నవాడు ఓపికతో వేచియుండవలసి వచ్చినమాట నిజము. కాని అందు పుట్టిన పాత్రలును కథయును ఆ సంస్థకే చెందినవి.

కుగాలి అను మరియొక సంస్థను ఇద్దరు నైజీరియనులును ఒక ఉగాండావాడును స్థాపించిరి. వారు మొదట తమ ఖండపు కథలను బొమ్మల పుస్తకములుగా తామే ప్రచురించి పేరు పొందిరి. పిదప అమెరికాలోని డిస్నీ సంస్థ వారితో కలిసి 'ఇవాజు' అను చిత్రమాలను నిర్మించి 2024 ఫిబ్రవరిలో విడుదల చేసెను. చేతిలో స్వంత పంట యున్నవాడు బేరమునకు కూర్చుండు తీరు వేరు.

ఈ నీతి డిజిటలు కళాకారులకే పరిమితము కాదు. ఇథియోపియాలో 1999లో ఏర్పడిన ఒరోమియా కాఫీరైతుల సహకార సమాఖ్య ఈ మార్గముననే నడచెను. దాని సభ్యులు తమ గింజలను ఏలముపాటకు విడువక, సమాఖ్యద్వారా పరదేశములకు నేరుగా ఎగుమతి చేసిరి. కాఫీగింజయైనను కదలు బొమ్మయైనను, పండించినవాడు ఒంటరియైనచో ధర పరులు చెప్పుదురు. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అను మన సామెత అచ్చటను చెల్లును.

మన యువజనులకు కొన్ని సూచనలు

మనవైపును ఈ పని క్రొత్తది కాదు. తెలంగాణలోని జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' అను యూట్యూబు ఛానలుద్వారా పొలముపనులు చేసికొను గంగవ్వ తెలుగువారందరికిని పరిచితురాలైనది. ఆ వేదికయు, ఆ షరతులును ఆఫ్రికావారికెట్లో మనవారికిని అట్లే. కావున మన సభ్యుల బిడ్డలు ఈ క్రింది విషయములను గమనింతురు గాక.

1. తీసిన ప్రతి వీడియోకు నకలు ఇంట నుంచుకొనవలెను. విత్తనము నిలువచేయని రైతు మరుసటేట అప్పులపాలగును.

2. ఒక్క వేదికనే నమ్మరాదు. చూచువారి పేర్లను, ఫోను నంబర్లను వారి సమ్మతితో స్వంత పుస్తకమున వ్రాసికొనవలెను. వేదిక మూతపడినను ఆ పుస్తకము మిగులును.

3. ప్రకటనల వాటా వానవంటిది. అది కురిసిననాడు సంతోషమే గాని బావి యొకటి త్రవ్వుకొనవలెను. స్వంత సరకు అమ్ముట, శిక్షణ యిచ్చుట, ఇతరులకు వీడియోలు తీసిపెట్టుట మొదలగునవి అట్టి బావులు.

4. చదువక ఏ ఒప్పందముమీదను చేవ్రాలు చేయరాదు. పని అమ్ముచున్నామా, పనితోపాటు హక్కును అమ్ముచున్నామా అని విచారించుకొనవలెను.

5. జమాఖర్చు తప్పక వ్రాయవలెను. కెన్యాలో 2023 ఆర్థిక శాసనము ఇట్టి ఆదాయమునుండి నూటికి 5 వంతులు ముందుగనే పన్నుగా తగ్గించి యిచ్చు పద్ధతిని నెలకొల్పెను. ప్రభుత్వము దీనిని ఆదాయముగా నెంచునప్పుడు మనము ఆటగా నెంచుట తగదు.

6. నలుగురు కలిసి ఒక కెమెరాను, ఒక కంప్యూటరును కొనుట మేలు. ట్రాక్టరును ఉమ్మడిగా కొన్న సంఘమునకు ఈ లెక్క క్రొత్తది కాదు.

ఆ వృద్ధ రైతునకు నా సమాధానమిది. అవునయ్యా, ఇదియు ఒక పనియే; కాని పని యనిపించుకొనుటకు దానికొక లెక్కపుస్తకము కావలెను. కుమారుడు ఈ ఆరునెలలలో ఫోనునకును డేటాకును పెట్టినదెంత, వచ్చినదెంత, వెచ్చించిన గంటలెన్ని అను మూడు వరుసలు వ్రాసి వచ్చే సమావేశమునకు తీసికొని రావలెను. నేనును అచ్చటనుందును. నష్టము కనబడిన దాచవలసిన పని లేదు. మొదటి పంట లెక్క చూచుకొన్నవాడే రెండవ పంటకు ఏ విత్తనము చల్లవలెనో ఎరుగును. ఆ పల్లెలో ఇట్టి యువకులు మరి నలుగురున్నచో వారినికూడ వెంటబెట్టుకొని రావలసినదిగా కోరుచున్నాను.