నేల ఉసిరిలో లిగ్నాన్‌లు: వాల్తేరు పరిశోధనలు, జాతి నిర్ధారణ ఆవశ్యకత

ఉమ్మడి విశాఖపట్నం జిల్లా చోడవరం పరిసరాలలో తొలకరి తరువాత చెరకు, వరి పొలాల గట్లపై నేల ఉసిరి విరివిగా మొలుస్తుంది. రైతుకు ఇది కలుపు మొక్క, నాటువైద్యంలో కామెర్లకు మందు. ఈ మొక్కలోని ముఖ్య రసాయనాలపై మౌలిక పరిశోధన ఇదే జిల్లాలోని వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగంలో జరిగింది. ఆ ఫలితాలను క్షేత్రస్థాయిలో వినియోగించాలంటే మొక్క జాతిని ముందుగా నిర్ధారించుకొనవలసి ఉంటుంది.

ప్రొఫెసర్ రామచంద్ర రావు కృషి

1946లో జి.వి. కృష్ణమూర్తి, టి.ఆర్. శేషాద్రి ఈ మొక్కలోని చేదు పదార్థాన్ని పరిశీలించి, ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్ అనే రెండు స్ఫటిక పదార్థాలను వివరించారు. వాటి నిర్మాణ నిర్ధారణను ప్రొఫెసర్ ఎల్. రామచంద్ర రావు బృందం చేపట్టింది. ఫిలాంథిన్ నిర్మాణంపై వారి పరిశోధన పత్రం 1966లో 'టెట్రాహెడ్రాన్' పత్రికలో వెలువడింది. ఆముదపు కుటుంబ మొక్కల స్ఫటిక పదార్థాలపై వారు ప్రచురించిన పత్రాల వరుసలో ఇది ఐదవది. నేడు నేల ఉసిరిని ఆ కుటుంబం నుండి వేరుచేసి ఫిలాంథేసి కుటుంబంలో చేర్చారు.

ఫిలాంథిన్ లిగ్నాన్ వర్గానికి చెందినది. రెండు ఫినైల్ ప్రొపేన్ భాగాలు కలియుట వలన లిగ్నాన్ ఏర్పడుతుంది. ఫిలాంథిన్ అణువులో ఆరు మిథాక్సీ సమూహాలున్నాయి. వీటిలో నాలుగు బెంజీన్ వలయాలపైన, రెండు మధ్య శృంఖలంలోను ఉంటాయి. లిగ్నాన్‌లు నీటిలో చాలా తక్కువగా కరుగుతాయి. అందువలన కషాయంలోకి ప్రధానంగా టానిన్‌లు చేరగా, లిగ్నాన్‌లను రాబట్టుటకు సేంద్రియ ద్రావణులు అవసరమవుతాయి. కషాయము, ఫిలాంథిన్ శాతం ఆధారంగా ప్రమాణీకరించిన సారము ఒకటి కావు.

పేరు ఒకటి, జాతులు పలు

పాత పత్రాలలో ఈ మొక్కను 'ఫిలాంథస్ నిరూరి'గా పేర్కొన్నారు. లిన్నేయస్ ఆ పేరు పెట్టిన మొక్క అమెరికా ఖండానికి చెందినది. భారతదేశంలో ఆ పేరుతో వ్యవహరింపబడినవి ముఖ్యంగా అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్ అనే మూడు జాతులు. ఫిలాంథిన్ ప్రధానంగా అమారస్‌లో లభిస్తుంది. మిగిలిన రెండింటిలో అది లేశమాత్రంగా ఉంటుంది లేదా ఉండదు. మార్కెట్‌లో మూడూ నేల ఉసిరిగానే చెలామణి అగుట సమస్యకు మూలం.

పూత దశలో భూతద్దంతో వీటిని వేరుచేయవచ్చు. అమారస్ పుష్పాలకు సాధారణంగా ఐదు పరిపత్రాలు, మిగిలిన రెండింటికి ఆరు ఉంటాయి. అమారస్‌లో పురుష, స్త్రీ పుష్పాలు ఒకే గ్రీవంలో జంటగా కనిపిస్తాయి. ఫ్రాటర్నస్‌లో రెమ్మ మొదలు వైపు పురుష పుష్పాలు, చివరి వైపు ఒంటరి స్త్రీ పుష్పాలు ఉంటాయి. కాయలు గరుకుగా, కాడ లేకుండా ఉన్నచో అది యురినేరియా అనే మరొక జాతి.

వైద్య పరీక్షల ఫలితాలు

1988లో 'లాన్సెట్' పత్రికలో మద్రాసు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, అమారస్ పొడిని 30 రోజులు తీసుకొన్న 37 మంది హెపటైటిస్-బి వాహకులలో 22 మంది రక్తంలో వైరస్ ఉపరితల ప్రతిజనకం కనిపించలేదు. ఉత్తుత్తి మందు తీసుకొన్న 23 మందిలో ఒక్కరికే ఇట్టి ఫలితం వచ్చింది. తరువాతి పరీక్షలు దీనిని ధ్రువీకరించలేకపోయాయి. 2011 నాటి కోక్రేన్ సమీక్ష కూడా తగిన ఆధారాలు లేవని తేల్చింది. కావున నేల ఉసిరి కామెర్లను నయం చేస్తుందని విస్తరణ సిబ్బంది హామీ ఇవ్వరాదు. కామెర్లకు కారణాలు పలు. రోగిని వైద్య పరీక్షకు పంపుట మొదటి కర్తవ్యం.

విస్తరణ సూచనలు

సేకరణకు పూర్వం పూత దశలో జాతిని నిర్ధారించి, నమూనా మొక్కను ఆరబెట్టి భద్రపరచాలి. లిగ్నాన్‌లు ఆకులలో అధికంగా ఉండుట వలన ఆకు రాలకుండా నీడలో ఆరబెట్టాలి. కలుపు మందు పిచికారీ చేసిన చెరకు తోటల నుండి ఔషధానికి సేకరించరాదు. కొనుగోలుదారు ఫిలాంథిన్ శాతాన్ని కోరినచో, సాగుకు ముందే విత్తన మూలం అమారస్ అని నిర్ధారించుకొనవలెను. లేనిచో రైతు సరైన యాజమాన్యం పాటించినా, పంట రసాయన పరీక్షలో తిరస్కరణకు గురి కావచ్చును.