మూడు ఊళ్లు, మూడు భాషలు, ఒకే పప్పు: వంట ద్వారా పొరుగువాళ్లను తెలుసుకోవడం ఎలా?

చలికాలం వస్తే మదనపల్లె, పుంగనూరు సంతల్లో అనపకాయలు గుట్టలుగా పోస్తారు. కాయలు ఒలిచి, గింజలను నీళ్లలో బాగా నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య పితికితే పొట్టు ఊడి పప్పు బయటికి వస్తుంది. అందుకే దాని పేరు పితికిపప్పు. సరిహద్దు దాటి కోలారు వైపు పోతే కన్నడంలో ఇదే 'హితకిద బేళె'. వేలూరు వైపు పోతే తమిళంలో 'పిదుక్కు పరుప్పు'. మూడు మాటలకూ అర్థం ఒకటే. మూడు భాషల ఆడవాళ్లూ అదే పని చేశారు, అదే పేరు పెట్టారు.

వంట కోసం చేసే ప్రయాణం అంటే ఇదే. పేరున్న హోటల్‌కు పోయి తిని, ఫొటో తీసుకుని రావడం కాదు. ఆ వంట ఎవరు చేస్తారు, ఏ కాలంలో చేస్తారు, ఎందుకు అట్లా చేస్తారు అని అడిగి తెలుసుకోవడం. దీనికి విమానం ఎక్కాల్సిన పని లేదు. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా ఉన్న ఒక్క రోడ్డు చాలు.

మదనపల్లె: టమాటా ఎవరిది?

దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో మదనపల్లె ఒకటి. టమాటా లేని చారు, సాలన్ ఇప్పుడు ఊహించలేం. కానీ టమాటా, పచ్చిమిర్చి రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో భారతదేశానికి చేరాయి. అంతకుముందు పులుపుకు చింతపండు, కారానికి మిరియాలు వాడేవాళ్లు.

వచ్చిన టమాటాను ఒక్కో ఇల్లు ఒక్కోలా కలుపుకుంది. ఒక ఇంట్లో అది పప్పులో పడింది, ఇంకో ఇంట్లో రసం అయింది. హైదరాబాదీ వంటింట్లో శనగపిండి, కరివేపాకు తాలింపు, ఉడికిన కోడిగుడ్లతో 'టమాటే కా కట్' అయింది. 'మా వంట', 'వాళ్ల వంట' అని గీత గీసేముందు ఈ సంగతి గుర్తుంటే మంచిది. 2023 జూలైలో కిలో టమాటా 100 రూపాయలు దాటినప్పుడు ఏ మతం వంటింటికీ మినహాయింపు దొరకలేదు కదా!

పుంగనూరు: నేల చెప్పే పాఠం

పుంగనూరు ఆవు ప్రపంచంలోని అతి చిన్న ఆవు జాతుల్లో ఒకటి. ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. మామూలు ఆవు పాలలో వెన్న శాతం 3 నుంచి 4 దాకా ఉంటే, దీని పాలలో 8 దాకా ఉంటుందని చెబుతారు. వానలు తక్కువ, మేత తక్కువ ఉన్న నేలకు తగ్గట్టు పెరిగిన జాతి ఇది. ఎక్కువ పాల కోసం రైతులు సంకరజాతి ఆవుల వైపు మళ్లాక ఇది దాదాపు అంతరించే దశకు వచ్చింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దీన్ని కాపాడే పని జరుగుతోంది.

ఒక ప్రాంతం తిండి అక్కడి నేలను, నీళ్లను బట్టి పుడుతుంది. అది తెలిస్తే 'వీళ్లు ఇదేం తింటారు' అనే మాట నోట్లోంచి రాదు.

కుప్పం: ముద్ద ఒకటే

కుప్పం ఆంధ్రా, కర్ణాటక, తమిళనాడు కలిసే చోటు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ పెట్టడానికి ఒక కారణం అదే. ఇక్కడి రోజువారీ తిండి రాగి సంగటి. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, ఉండలు కట్టకుండా కట్టెతో గెలికి ముద్దలు చేస్తారు. కన్నడిగులకు అది 'రాగి ముద్దె', తమిళులకు 'కళి'. రాగి మొదట పండింది తూర్పు ఆఫ్రికాలో. అక్కడ నేటికీ 'ఉగాలి' అనే ముద్దను చేత్తో తుంచి కూరలో అద్దుకుని తింటారు. కెన్యా మనిషి కుప్పం ఇంట్లో కూర్చుంటే ఎలా తినాలో ఎవరూ నేర్పక్కర్లేదు.

మన దావత్‌లో ఎవరున్నారు?

మన వంటలూ ఇట్లాంటి కలయికలే. దాల్చా చూడండి. మాంసంతో పాటు అందులో శనగపప్పు, సొరకాయ, చింతపండు, కరివేపాకు ఉంటాయి. మాంసం పక్కన పెడితే అది సాంబారుకు చుట్టమే. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండగలో, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి హిందువులు, ముస్లింలు కోరికల రొట్టెలు మార్చుకుంటారు. తెలియని మనిషి చేతి రొట్టె తీసుకోవడం అక్కడ ఆచారం.

అడగడంలో తప్పు లేదు

హలాల్ సంగతి చాలా కుటుంబాలను వెనక్కి లాగుతుంది. పొరుగింటికి పిలిస్తే ఏదో సాకు చెప్పి తప్పించుకుంటాం. వాళ్లు దాన్ని అవమానం అనుకుంటారు. అట్లా ఏళ్ల పరిచయం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. నిజానికి ముందే నోరు తెరిచి చెబితే సరిపోతుంది: "అక్కా, మేం హలాల్ మాంసమే తింటాం. మాకు పితికిపప్పు, సంగటి పెట్టు చాలు." చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

మనం పంపేటప్పుడూ ఇదే మర్యాద. మాంసం తినని ఇంటికి ఈద్ రోజు బిర్యానీ పంపి ఇబ్బంది పెట్టకూడదు. వండిన షీర్ ఖుర్మా కూడా కొందరికి అభ్యంతరం కావచ్చు. సేమియా, ఖర్జూరాలు, జీడిపప్పు, పళ్లు విడిగా ఇస్తే వాళ్ల పొయ్యి మీద వాళ్లే వండుకుంటారు. ఎందుకు అట్లా ఇచ్చారో పిల్లలకూ చెప్పాలి.

ఈ చలికాలంలో ఒక ఆదివారం పిల్లలను తీసుకుని అనపకాయల సంతకు వెళ్లండి. పితికిపప్పు ఎలా వండాలో అమ్మే ఆమెనే అడగండి. ఇంటికి వచ్చి పిల్లల చేతే గింజలు పితికించండి. పప్పు ఉడికాక ఒక గిన్నె పక్కింటికి పంపండి. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో వాళ్లే చెబుతారు. అక్కడ మాట మొదలవుతుంది.